ఎత్తుకుపోగల నేల

తెలుగు ఇళ్ళ నేలలను స్థూలంగా రెండు జాతులుగా విడదీయవచ్చు. మొదటిది వేసే నేల: పేడతో అలికిన మట్టి, గచ్చు, నాపరాయి, షాబాదు బండ, మొజాయిక్, ఇప్పటి విట్రిఫైడ్ టైల్. ఒకసారి వేస్తే ఇల్లున్నంత కాలమూ అది అక్కడే ఉంటుంది. రెండవది పరిచే నేల: ఈతచాప, తుంగచాప, బొంత, జంబుఖానా, తివాచీ. చుట్టం వస్తే పరుస్తాము, వెళ్ళగానే దులిపి మడిచి దండెం మీద వేస్తాము. మొదటిది ఇంటి యజమానిది, రెండవది ఇంట్లో ఉండేవారిది. సొంత ఇంట్లో పుట్టి పెరిగినవారికి ఈ తేడా అంతగా తట్టకపోవచ్చును. కంపెనీ క్వార్టర్లలోనూ అద్దె ఇళ్ళలోనూ జీవితం గడిపినవారికి మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఈ రెండు జాతులకూ నడుమ ఒక సంకరజాతి ఉన్నది. దానిని కార్పెట్ టైల్ అంటారు. నాకు 'తివాచీ పలక' అనుకోవడం ఇష్టం. అంతకన్న మంచి మాట ఎవరికైనా తోస్తే సంతోషంగా పుచ్చుకుంటాను. సాధారణంగా 50 సెంటీమీటర్ల చదరం, పైన పొట్టి నూలు, కింద బరువైన అడుగు; ఒక్కొక్కటి కిలో పైచిలుకు తూగుతుంది. నాలుగు పలకలు కలిస్తే ఒక చదరపు మీటరు. విమానాశ్రయాలలోనూ సాఫ్ట్‌వేరు కార్యాలయాలలోనూ మీరు వీటి మీద నడిచే ఉంటారు. అతుకులు కనబడవు కనుక అది ఒకే తివాచీ అనుకుని ఉంటారు. ఇది టైలులాగా వేసే నేల, తివాచీలాగా పరిచే నేల. పాడయిన పలక ఒక్కదానిని తీసి మరొకటి పెట్టవచ్చు. అవసరమైతే మొత్తం ఎత్తుకుని వెళ్ళిపోవచ్చు.

ఆ చివరి వాక్యం కోసమే ఇదంతా వ్రాస్తున్నాను.

నేనుండేది జైపూర్. రాజస్థాన్‌లోని గులాబి నగరం కాదు. గోదావరికి ఉత్తరపు గట్టున, మంచిర్యాల జిల్లాలోని మండల కేంద్రం. 2016 అక్టోబరు దాకా మాది ఆదిలాబాదు జిల్లా. గోదావరిఖని నుంచి రాజీవ్ రహదారి మీద వంతెన దాటితే ఇందారం వస్తుంది, అక్కడినుంచి మా మండలం. ఒక పక్క శివ్వారం మొసళ్ళ మడుగులు, మరో పక్క బొగ్గు గనులు, పెగడపల్లి దగ్గర 2016లో విద్యుదుత్పత్తి మొదలుపెట్టిన సింగరేణి వారి 1200 మెగావాట్ల కేంద్రం. రాత్రి మేడ మీదికి ఎక్కితే దాని పొగగొట్టాల దీపాలు కనిపిస్తాయి. ఇక్కడ మే నెల ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి. డిసెంబరులో తెల్లవారుజామున బండనేల మీద పాదం మోపితే మంచుగడ్డ మీద మోపినట్లుంటుంది.

మా బాపు 1979లో గోదావరిఖనిలో బొగ్గుబాయిలో చేరాడు. చాలాకాలం టింబర్‌మన్, అంటే గని కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి. దుంగల కాలం తగ్గి ఇనుప బోల్టుల కాలం వచ్చాక ఆ పనీ నేర్చుకున్నాడు. 2015లో రిటైరయ్యాడు. అంతవరకు 29 సంవత్సరాలు మేము ఒకే క్వార్టరులో ఉన్నాము. నేను నడక నేర్చినది ఆ గచ్చు మీద, చెల్లెలి పెళ్ళి ముగ్గు పడినది ఆ గచ్చు మీద. క్వార్టరు అన్నాక ఉద్యోగం ఉన్నన్నాళ్ళే. ఖాళీ చేసే రోజున అవ్వ ఇల్లంతా కడిగి, గడపకు పసుపు రాసి, తాళం అప్పగించింది. మంచాలు, బీరువా, రోలు, తులసి కుండీ లారీ ఎక్కాయి. నేల ఎక్కలేదు. ఎక్కుతుందని ఎవరూ అనుకోరు కూడా.

నా ఉద్యోగం ఇక్కడి పాఠశాలలో కావడం వల్ల అప్పటినుంచి జైపూరులోనే అద్దె ఇళ్ళు. 2021 చలికాలం నాటికి మేము మూడవ అద్దె ఇంట్లో ఉన్నాము. షాబాదు బండల నేల, పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల గది బాపుది. ఆ ఏడాది ఆయన పాదాలలో స్పర్శ తగ్గిందని డాక్టరు చెప్పారు. పదిహేనేళ్ళ షుగరు వ్యాధి ఫలితం. ఒకనాడు బండ అంచు పెచ్చు అరికాలిలో దిగి, సాయంత్రం అవ్వ చూసేదాకా ఆయనకే తెలియలేదు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవాలన్నారు డాక్టరు. కొని తెచ్చాను. బాపు వాటిని మంచం కిందికి కాలితో తోశాడు.

"ముప్పయ్యారేండ్లు బాయిల బూట్లు తొడిగిన. ఇంట్ల గూడ తొడగాల్నా?"

ఇది మొండితనమని కొట్టిపారేయలేము. మన ఇళ్ళలో చెప్పులు గడప అవతల ఉంటాయి. లోపల దేవుడుంటాడు, పొయ్యి ఉంటుంది, అన్నం ఉంటుంది. ఆయనకైతే మరొకటి కూడా. షిఫ్టు దిగి వచ్చి బూట్లు విప్పి కాళ్ళు కడుక్కుని ఉత్త పాదాలతో గచ్చు మీద నడవడమే ఇంటికి వచ్చినట్లు గుర్తు. ఆ హాయిని మందుచీటీతో తీసేయలేము. ఆయన పాదానికి చెప్పు తొడగలేనప్పుడు నేలకే తొడగాలి. అప్పుడే ఈ పలకలు జ్ఞాపకం వచ్చాయి.

కరోనా తరువాత హైదరాబాదులో కొన్ని కార్యాలయాలు ఖాళీ అయ్యాయి. కుర్చీలు, బల్లలు, అద్దాల తలుపులతో పాటు నేల కూడా పాత సామాన్ల దుకాణాలకు చేరింది. అలాంటి ఒక దుకాణంలో 60 పలకలు బేరమాడి కొన్నాను, ఒక్కొక్కటి 30 రూపాయలకు. నీలం కలిసిన బూడిద రంగు. కొన్నిటి మీద చక్రాల కుర్చీలు తిరిగిన గుండ్రటి జాడలు, ఒకదానిమీద కాఫీ మరక. వాటిని కట్టలు కడుతుంటే ఒక ఆలోచన వచ్చింది. మా వీధిలో నాతో ఆడుకున్న బొగ్గుబాయి పిల్లలలో సగంమంది చదువుకుని హైదరాబాదు కార్యాలయాలలో కూర్చున్నారు. ఈ పలక మీద కుర్చీ తిప్పినవాడి తండ్రి కూడా ఏ గనిలోనో తట్ట మోసి ఉండవచ్చును.

అవ్వకు ఈ బేరం నచ్చలేదు. "కిరాయి ఇంటికి గింత సోకెందుకురా? రేపు ఖాళీ జెయ్యుమంటె ఏం జేస్తవు?"

"తీస్కపోతనే అవ్వా."

"నేలను గూడ తీస్కపోతరా ఎవలన్న?"

ఆ ప్రశ్నకు అప్పుడు నేను జవాబు చెప్పలేదు. ముందు పని సంగతి చెబుతాను, చేయదలచినవారికి పనికివస్తుంది. నేను మేస్త్రీని కాను. ఇంతకు ముందు నా చేతులతో గోడకు మేకు కొట్టడం తప్ప ఏమీ చేయలేదు. మొదటిసారి పని చేసేవాడికి ఇంతకన్న దయగల పని మరొకటి లేదని ఇప్పుడు అనగలను. సిమెంటు లేదు, నీళ్ళు లేవు, గడియలోపల ముగించాలన్న తొందర లేదు. పెట్టిన పలక నచ్చకపోతే తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు.

పాత పలకలు కనుక మొదట వాటి అడుగున ఎండిన జిగురు గీకాను. సబ్బునీళ్ళతో పైభాగం రుద్ది, మేడ మీద రెండు రోజులు ఆరబెట్టాను. ఆరాక ఒకదానిపై ఒకటి చదునుగా పేర్చి గదిలోనే ఒక రోజు ఉంచాను. గది వాతావరణానికి అలవాటు పడకుండా పరిస్తే అవి తరువాత కొంచెం సాగవచ్చు, కొంచెం ముడుచుకోవచ్చు. కొత్తవైనా ఈ ఒక రోజు ఆగవలసిందే.

రెండవది తేమ పరీక్ష. మట్టి మీద నేరుగా పరిచిన బండలు వానాకాలంలో చెమర్చడం మనకు తెలిసినదే. రెండడుగుల పాలిథీన్ ముక్కను బండల మీద పరచి, నాలుగు అంచులూ టేపుతో మూసి, ఒక రాత్రీ పగలూ వదిలేయాలి. మరునాడు దాని లోపలి వైపున నీటి బిందువులు కనబడితే ఆ నేల తివాచీకి తగదు. కింద బూజు పడుతుంది. మాది డిసెంబరు కనుక పొడిగానే ఉన్నది.

మూడవది నేల గట్టిదనం. ఈ ఘట్టంలో బాపు రంగప్రవేశం చేశాడు. అప్పటిదాకా మంచం మీద కూర్చుని నా పనిని ఒక తమాషాగా చూస్తున్న మనిషి, తన చేతికర్ర తీసుకుని లేచాడు. గది ఒక మూలనుంచి మొదలుపెట్టి ఒక్కొక్క బండనూ కర్రతో కొడుతూ, తల ఒక పక్కకు వంచి వింటూ పోయాడు. టక్. టక్. టక్. ఒకచోట డొబ్ అన్నది.

"గిది డొల్లున్నది బిడ్డా. సుద్దతోని గీత పెట్టు."

గనిలో ఇది ప్రతి షిఫ్టు మొదట్లోనూ చేసే పని. పనిస్థలంలో అడుగు పెట్టే ముందు కర్రతో కప్పును కొట్టి చూస్తారు. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిచిన రాయి డోలులాగా బొంగురుగా మోగుతుంది. ఆ బొంగురు శబ్దం వినబడితే దాని కిందికి పోకూడదు. ముందు దాన్ని దించివేయాలి, లేదా దుంగ నిలబెట్టాలి. ప్రాణం ఆ చెవి మీద ఆధారపడి ఉంటుంది. 36 ఏళ్ళు తలపైన ఉన్నదాని శబ్దం విన్న చెవి, ఆ రోజు మొదటిసారి కాళ్ళ కింద ఉన్నదాని శబ్దం విన్నది. గదిలో మూడు బండలు డొల్లగా ఉన్నాయని తేల్చాడు. పెచ్చు లేచి ఆయన కాలిలో దిగిన బండ ఆ మూడింటిలో ఒకటి.

ఇంటి ఓనరును పిలిచి చూపించాము. ఆయన సంతోషంగా ఒప్పుకుని, "జిగురు పెట్టుడు లేదు గద సార్?" అని మాత్రం అడిగాడు. లేదన్నాను. గడ్డపారతో బండలు లేపితే కింద మట్టి అణగి అరచేయి పట్టేంత ఖాళీ ఉన్నది. గోదావరి ఇసుక తడిపి నింపుతుంటే బాపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"గోఫుల ఇసుక నింపినట్టె నింపాలె. సందు ఇడిస్తె ఎప్పటికన్న కుంగుతది."

బొగ్గు తీసివేసిన ఖాళీని గోఫు అంటారు. నేల మీద ఊళ్ళు, రోడ్లు, వాగులు ఉన్నచోట కప్పు కుంగకుండా ఆ ఖాళీలలోకి గోదావరి ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా పంపి నింపడం ఇక్కడి గనుల పాత పద్ధతి. అంటే, మా ప్రాంతంలో కొన్ని ఇళ్ళ కింద, ఎన్నో మీటర్ల లోతున, నది నుంచి వచ్చిన ఇసుకే నేలను మోస్తున్నది. బాపు ఆ మాట మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం మా గది నేల అంత లోతుకు వెళ్ళినట్లు అనిపించింది.

ఇక కొలత. అందరూ గోడ పక్కనుంచి మొదలుపెడతారు. కూడదు. గోడలు తిన్నగా ఉండవు; ఒక మూల నుంచి మొదలైన వంకర చివరికి వెళ్ళేసరికి బారెడవుతుంది. గది నడుమ నుంచి మొదలుపెట్టాలి. ఎదురెదురు గోడల మధ్యబిందువులను సుద్ద పూసిన దారంతో కలిపి ఒక గీత, దానికి అడ్డంగా మరొక గీత. రెండు గీతలూ లంబంగా ఉన్నాయో లేదో మేస్త్రీల మూడు-నాలుగు-అయిదు లెక్కతో చూసుకోవాలి: ఒక గీత మీద మూడడుగులు, రెండవ గీత మీద నాలుగడుగులు గుర్తు పెడితే ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా అయిదడుగులు రావాలి. బడిలో పైథాగరస్ సిద్ధాంతం చెప్పేటప్పుడు పిల్లలు ఇదెందుకు సార్ అంటారు. ఇందుకు.

తరువాత చిన్న లెక్క. పది అడుగులంటే 305 సెంటీమీటర్లు. నడిమి గీతకు అటూ ఇటూ మూడేసి పలకలు పెడితే 300 అయిపోయి, రెండు గోడల దగ్గరా రెండున్నర సెంటీమీటర్ల పట్టీలు మిగులుతాయి. అంత సన్నటి ముక్క నిలవదు, కాలు తగిలితే లేచివస్తుంది. అందుకని గీతను సగం పలక, అంటే 25 సెంటీమీటర్లు, పక్కకు జరపాలి. అప్పుడు నడుమ అయిదు నిండు పలకలు, రెండు పక్కలా 27 సెంటీమీటర్ల పైచిలుకు ముక్కలు వస్తాయి. పన్నెండడుగుల వైపున 366 సెంటీమీటర్లు కనుక ఆరు నిండు పలకలు, రెండు చివరలా 33 సెంటీమీటర్ల ముక్కలు సరిపోయాయి. మొత్తం ఏడు వరుసలు, వరుసకు ఎనిమిది, వెరసి 56. తెచ్చినవి 60. నాలుగు మిగులు.

పలక అడుగున ఒక బాణం గుర్తు ఉంటుంది. అది నూలు వాలిన దిక్కు. బాణాలన్నీ ఒకే వైపుకు పెడితే నేల ఒకే వస్త్రంలాగా కనిపిస్తుంది. ఒకటి నిలువు, ఒకటి అడ్డం చొప్పున పెడితే చదరంగపు గళ్ళలాగా వెలుగునీడలు వస్తాయి. కొత్తవాటికి మొదటి పద్ధతి అందం. పాతవాటికి రెండవదే శరణ్యం. ఒకటి ఎక్కువ వెలిసి, ఒకటి తక్కువ వెలిసి ఉన్నా ఆ గళ్ళలో కలిసిపోతుంది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో 1973లో ఈ పలకల వ్యాపారం ప్రారంభించిన రే ఆండర్సన్ అనే ఆయన 1994లో ఒక పర్యావరణ గ్రంథం చదివి, తన కర్మాగారం భూమికి చేస్తున్న హానిని గురించి ఆలోచించడం మొదలుపెట్టాడట. ఆ సంస్థవారు అడవినేలను చూసి, ఏ రెండూ సరిగ్గా ఒకేలాగా ఉండని పలకలను 2000 సంవత్సరంలో తయారుచేశారు. అడవిలో రాలిన ఆకులకు వరుస ఉండదు, అయినా నేల అందంగానే ఉంటుంది కదా! పలకలు ఏ దిక్కున పెట్టినా సరే కావడంతో కోతల వ్యర్థమూ తగ్గింది. మా పాత పలకలు కుర్చీ చక్రాల పుణ్యమా అని ఆ గుణాన్ని తమంతట తామే సంపాదించుకున్నాయి.

పరచడం నడిమినుంచి మెట్లు మెట్లుగా సాగాలి. పలకను పక్కదానికి ఆనించి నొక్కాలి, కాని నూలు అతుకులో ఇరుక్కోకూడదు. జిగురు నేలకు తగలకూడదన్నది మా ఒప్పందం కనుక, నాలుగు పలకలు కలిసే ప్రతిచోటా అడుగున ఒక గట్టి టేపు ముక్కను జిగురు వైపు పైకి ఉండేలా పెట్టాను. పలకలు ఒకదానినొకటి పట్టుకుంటాయి, బండను పట్టుకోవు. వాటి బరువే వాటిని కదలకుండా ఉంచుతుంది.

గోడ పక్క ముక్కలకు టేపుతో కొలవనక్కరలేదు. కోయవలసిన పలకను చివరి నిండు పలక మీద సరిగ్గా పెట్టాలి. దానిపైన మరొక పలకను గోడకు ఆనించి పెట్టాలి. పై పలక అంచు వెంబడి కింది దానిమీద గీత పడుతుంది కదా, ఆ గీతకు ఇవతల కనబడే ముక్కే ఖాళీలో పట్టే ముక్క. గోడ వంకరగా ఉన్నా ముక్క ఆ వంకరతోనే వస్తుంది. గీత రెండు కొసలలో గాటు పెట్టి, పలకను బోర్లించి, ఇనుప స్కేలు ఆనించి కొత్త బ్లేడుతో రెండు మూడుసార్లు గీయాలి. వెనుకనుంచి కోస్తే నూలు చిట్లదు. ఇరవై ఆరు ముక్కలు కోయడానికి నాకు అయిదు బ్లేడులు ఖర్చయ్యాయి. అంచు కాలికి తగలకుండా పాశ్చాత్యులు గుమ్మం దగ్గర లోహపు పట్టీ బిగిస్తారు. మన ఇళ్ళకు గడప ఉన్నది. పలక దాని ఒడిలో ఒదిగిపోయింది.

ఆదివారం పొద్దున మొదలైన పరుపు పని దీపాలవేళకు ముగిసింది. బాపు ఉత్త కాళ్ళతో ఒక చివరినుంచి మరొక చివరికి నడిచాడు. స్పర్శ తగ్గిన పాదాలకు ఏం తెలిసిందో నేను అడగలేదు. మళ్ళీ వెనక్కి నడిచి, మంచం మీద కూర్చుని, "సల్లగ లేదు" అన్నాడు.

తివాచీ ఔషధం కాదు. ఒక విషయంలో బండకన్న ప్రమాదం కూడా: బండ మీద పడిన గుండుసూది మెరుస్తుంది, నూలులో పడినది దాక్కుంటుంది. అందుకని ప్రతి సాయంత్రం పాత స్పీకరు అయస్కాంతానికి దారం కట్టి గదంతా ఒకసారి లాగుతాను, ఊడుస్తాను. అవ్వ ఆయన అరికాళ్ళు చూస్తుంది. ఆ రెండు పనులనూ ఏ నేలా మాన్పించలేదు.

దుమ్ము సంగతి అందరూ అడిగారు. బొగ్గు లారీలు తిరిగే దారి పక్కన తివాచీ ఏమిటని నవ్వినవారూ ఉన్నారు. నిజమే, ఇక్కడ కిటికీ తెరిస్తే చాలు, నల్లని పొడి వచ్చి కూర్చుంటుంది. అయితే పెద్ద తివాచీని బయటికి ఈడ్వలేము గాని, పలకను ఒంటిచేత్తో తీయవచ్చు. నెలకొకసారి నాలుగైదు చొప్పున తీసి, పెరట్లో గోడకు కొట్టి దులుపుతాను. టీ ఒలికిన పలకను నల్లా కింద పెట్టి కడిగి ఆరేస్తాను. అంతవరకు మిగులు పలక దాని స్థానంలో ఉంటుంది. ఎక్కువగా తొక్కుడు పడే గుమ్మం దగ్గరి నిండు పలకలను, ఎవరూ తొక్కని మంచం కిందివాటితో ఏడాదికొకసారి మారుస్తాను.

వేసవికి మరొక ఏర్పాటు చేసుకున్నాము. మార్చి రాగానే మొత్తం ఎత్తివేస్తాము. మే నెలలో బండనేల చల్లదనమే మాకు వరం; దానిని కప్పుకోవడం తెలివితక్కువతనం. అయితే బండ పగళ్ళలో బాపు తిరుగాడే దారి వెంబడి, మంచం నుంచి తలుపు దాకా, ఒక్క వరుస మాత్రం ఉంచుతాము. ప్రతి పలక వెనుక సుద్దతో వరుస సంఖ్య, స్థానం వ్రాసి ఉన్నాయి కనుక కార్తీకమాసంలో మళ్ళీ పరచడానికి గంట చాలు. చలిదేశాలలో పుట్టిన వస్తువు మా ఎండలకు ఇలా ఒదిగింది.

ఈ నూలు నైలాన్. 1938లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ నైలానును లోకానికి ప్రకటించినప్పుడు, అది బొగ్గు, నీరు, గాలి వంటి సామాన్య పదార్థాలతో తయారవుతుందని చెప్పుకున్నది. తరువాతి కాలంలో బొగ్గు స్థానాన్ని పెట్రోలియం చాలావరకు ఆక్రమించింది. అయినా ఆ మొదటి మాట బాపుకు చెప్పాను. ఆయన వంగి నూలును వేళ్ళతో రాసి చూసి, "గట్లనా! బొగ్గు గింత మెత్తగైతదా?" అన్నాడు. తన జీవితకాలమంతా బొగ్గు గట్టిదనమే చూసిన మనిషి.

మన దగ్గర పరిచే నేలకు గొప్ప చరిత్రే ఉన్నది. వరంగల్లు తివాచీలు 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనకు వెళ్ళాయి. వరంగల్లు జంబుఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏలూరు తివాచీల పేరు అందరూ విన్నదే. వాటి పనితనం ముందు ఈ యంత్రపు పలక ఎందుకూ కొరగాదు. కాని దీని దగ్గర ఒక వినయం ఉన్నది. నేను ఈ చోటుకే పుట్టాను అని ఇది అనదు.

మా ప్రాంతంలో ఓపెన్‌కాస్టు గనుల కోసం ఊళ్ళు ఖాళీ కావడం చూసినవారికి ఒక దృశ్యం జ్ఞాపకం ఉంటుంది. తలుపులు, కిటికీలు, దూలాలు, పెంకులు విప్పి ట్రాక్టర్లలో వేసుకుంటారు. కొందరు గడ్డపారలతో నేల బండలు కూడా పెకలిస్తారు. సగం విరిగిపోతాయి. ఆ విరిగిన సగాన్ని కూడా బండిలో పెట్టుకునేవారు ఉంటారు. బండ వెల ఎంతని కాదు. తమ పాదాల కింద ఉన్నదానిలో కొంతైనా తమతో రావాలని. అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ ఉన్నది. నేలను కూడా తీసుకుపోయేవారు ఉంటారు. భూమి తమది కానివారే ఆ ప్రయత్నం చేస్తారు.

2024లో ఓనరు కొడుకు పెళ్ళి కుదిరి ఆ ఇల్లు వారికి అవసరమైంది. మేము రెండు వీధుల అవతల మరొక ఇంటికి మారాము. పలకలను పదేసి చొప్పున కట్టలు కట్టి ఆటోలో వేశాము. బండల మీద ఒక్క జిగురు మరక లేదని ఓనరు మెచ్చుకున్నాడు. కొత్త ఇంట్లో బాపు గది పది అడుగుల చదరం. లెక్క వేస్తే ఏడు వరుసలు, ఏడేసి, 49. నడుమ 25 నిండు పలకలు, అవి ఉన్నాయి. పక్క ముక్కలు 20 కావాలి. పాతవి పన్నెండు సరిగ్గా సరిపోయాయి, మిగిలిన ఎనిమిదీ పాత గదిలోని పొడవు ముక్కలనుంచి వచ్చాయి. నాలుగు మూలలవీ కాస్త చెక్కితే కుదిరాయి. కొత్త పలక ఒక్కటీ కోయలేదు. తొమ్మిది నిండు పలకలు మిగిలాయి.

పరచడానికి ముందు బాపు కర్ర తీసుకుని ఆ గది నేలంతా కొట్టి విన్నాడు. ఈసారి ఎక్కడా డొల్ల లేదు. సాయంత్రానికి అవ్వ వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. అవే గళ్ళు, అదే కాఫీ మరక కిటికీ పక్కన. లోపలికి వచ్చి పలక మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, "మన అర్ర మనతోనే అచ్చింది" అన్నది.

మిగిలిన తొమ్మిదింటిలో ఆరు బాపు తనతో పనిచేసిన ఒక స్నేహితుడికి ఇచ్చాడు. ఆయనకూ షుగరే, ఆయనా ఇంట్లో చెప్పులు వేయడు. మంచం పక్కన లేచి నిలబడేంత మేర పరచుకోవడానికి ఆరు చాలు. ఎలా పరచాలో బాపే వెళ్ళి చెప్పి వచ్చాడు. ముందు కర్రతో కొట్టి చూడుమన్నాడట.